ఆధునిక ఉజ్బెక్ కవిత్వం: ప్రపంచ సాహిత్యం ఏ దారిన వచ్చింది?

మన సాహిత్య విమర్శలో 'ప్రభావం' అన్నంత తేలిగ్గా వాడే మాట మరొకటి లేదు. ఫలానా కవిపై షెల్లీ ప్రభావం ఉంది, ఫలానా కవిపై మయకోవ్‌స్కీ ప్రభావం ఉంది అని రాసి, రెండు కవితా పాదాలు పక్కపక్కన పెట్టి చూపి, పని అయిపోయిందనుకుంటాం. పరీక్షకు చదివే విద్యార్థికి అది చాలునేమో గాని చరిత్రకు చాలదు. ఒక భాష కవిత్వం మరొక భాషలోకి దానంతట అది రాదు. ఎవరో దాన్ని తెస్తారు. ఏదో ఒక అవసరం దాన్ని పిలుస్తుంది. ఏదో ఒక అధికారం దానికి దారి ఇస్తుంది, లేదా అడ్డుపడుతుంది. ఈ మూడింటినీ చూడకుండా ప్రభావం గురించి మాట్లాడితే మిగిలేది పేర్ల జాబితా మాత్రమే.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపగల ఉదాహరణ ఆధునిక ఉజ్బెక్ కవిత్వం. నూరేళ్లకు కాస్త పైబడిన కాలంలో ఆ కవిత్వం పారశీక సంప్రదాయం నుంచి తుర్కీ, తాతారు సంస్కరణ సాహిత్యం వైపు, అక్కడి నుంచి రష్యన్ వైపు, రష్యన్ ద్వారా షేక్‌స్పియర్, గోథే, డాంటేల వైపు నడిచింది. మధ్యలో రెండు చోట్ల మన దేశం వైపు కూడా చూసింది. ఈ నడకలో కవులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ప్రపంచ సాహిత్యాన్ని ప్రజలకు అందిస్తామన్న రాజ్యమే ఆ సాహిత్యాన్ని అనువదించిన చేతులను నరికింది. అభ్యుదయ సాహిత్యాన్ని కోరే మనం ఈ చరిత్రను పూర్తిగా, దాచకుండా చదువుకోవలసిన అవసరం ఉంది.

1. మూసిన ఇల్లు కాదు

ఆధునికతకు ముందు ఉజ్బెక్ కవిత్వం తన గోడల మధ్య తాను ఉండిపోయిందని అనుకోవటం పొరపాటు. ఆ కవిత్వానికి ఆదిపురుషుడిగా భావించే అలీషేర్ నవాయీ (1441-1501) హెరాత్ నగరవాసి. పారశీకమే పండిత భాషగా చలామణి అవుతున్న రోజుల్లో ఆయన ప్రజల తుర్కీ భాషను, అంటే చగతాయ్‌ని, కావ్యభాషగా నిలబెట్టాడు. 1499లో రాసిన 'ముహాకమతుల్ లుగతైన్'లో రెండు భాషలను ఎదురెదురుగా నిలిపి, తుర్కీ ఎందులోనూ తీసిపోదని వాదించాడు. అయితే ఆయన 'ఖంసా' అనే అయిదు కావ్యాల సంపుటి నమూనా గంజా నగరానికి చెందిన నిజామీది. నిజామీకి బదులు చెబుతూ తనదైన ఖంసా రాసిన మన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో కూడా నవాయీకి గురుస్థానంలో ఉన్నాడు. అంటే భాషాభిమానానికీ పరసాహిత్య అధ్యయనానికీ ఆయన దృష్టిలో వైరుధ్యం లేదు. తన భాష గొప్పదని నమ్మాడు కనుకనే పరాయి భాషలోని మహాకావ్యాలతో పోటీకి దిగాడు.

తరువాతి కాలంలో పాట్నాలో పుట్టి ఢిల్లీలో కన్నుమూసిన పారశీక కవి మీర్జా అబ్దుల్ ఖాదిర్ బేదిల్ (1644-1720) మధ్య ఆసియాలో పొందిన ఆదరణ మన దేశంలో కూడా పొందలేదు. బుఖారాలో ఆయన కవిత్వం చదివి వ్యాఖ్యానించుకోవటానికే ప్రత్యేకంగా గోష్ఠులు జరిగేవి. కాబట్టి 19వ శతాబ్దం నాటికి ఆ కవిత్వానికి వచ్చిన చిక్కు పరాయి సాహిత్యం తెలియకపోవటం కాదు. తెలిసిన సాహిత్యమే మళ్లీ మళ్లీ తిరిగి వస్తోంది. అదే గులాబీ, అదే కోయిల, అదే మధుపాత్ర, అదే విరహం. వస్తువు అరిగిపోయింది.

ఛందస్సులోనూ ఒక ఇబ్బంది ఉంది. గజల్‌కు ఆధారమైన 'అరూజ్' అరబ్బీలో పుట్టి పారశీకం ద్వారా వచ్చింది. మన గురులఘువుల మాదిరిగానే అది దీర్ఘ హ్రస్వ అక్షరాల అమరికపై నడుస్తుంది. తుర్కీ మాటల్లో మాత్రం అంత స్పష్టమైన దీర్ఘాచ్చులు లేవు. అందువల్ల కవి పారశీక, అరబ్బీ పదాలను దండిగా దించుకోవాలి, లేదా తన భాషలోని పొట్టి అచ్చును లాగి చదివించాలి. నవాయీ, బాబర్ ఇద్దరూ అరూజ్ మీద లక్షణ గ్రంథాలు రాశారంటే దాన్ని తమ భాషకు లొంగదీయటానికి ఎంత శ్రమ పడ్డారో ఊహించవచ్చు. మరో పక్క పల్లెల్లో గాయకులు పాడే 'అల్పామిష్' వంటి వీరగాథలు, పెళ్లిపాటలు, జోలపాటలు అక్షరాల లెక్కపై నడిచే దేశి ఛందస్సులో ఉన్నాయి. దాన్ని 'బర్మోక్' అంటారు. ఆ మాటకు వేలు అని అర్థం. వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఛందస్సు అన్నమాట. పండితులు దాన్ని కవిత్వం కింద లెక్కించలేదు.

2. జదీదులు తెచ్చిన గాలి

1865లో జారు సైన్యం తాష్కెంట్‌ను ఆక్రమించింది. రెండేళ్లకు తుర్కిస్తాన్ గవర్నర్ జనరల్ పాలన ఏర్పడింది. రైలు, తంతి, అచ్చుయంత్రం, రష్యన్ బడి వచ్చాయి. పత్తి మిల్లులకు ముడిసరుకు కోసం వచ్చిన పాలన అది. అయినా దాని వెంట వచ్చిన కొత్త వస్తువులను చూసి ఫుర్ఖత్ వంటి కవులు ఆశ్చర్యపోయారు. ఫుర్ఖత్ రష్యన్ హైస్కూలు మీద, సంగీత కచేరీల మీద పద్యాలు రాశాడు. తరువాత స్వదేశం విడిచి ఇస్తాంబుల్, అరేబియా, బొంబాయి, కాశ్మీరు మీదుగా యార్కండ్ చేరి 1909లో అక్కడే మరణించాడు. ఆయన కవిత్వంలో వస్తువు కొత్తది. రూపం మాత్రం పాతదే.

రూపాన్ని మార్చే పని జదీదులు చేపట్టారు. 'ఉసూలె జదీద్' అంటే కొత్త పద్ధతి. పాత మదరసా చదువు స్థానంలో లెక్కలు, భూగోళం, మాతృభాష నేర్పే బడులు పెట్టిన ఉపాధ్యాయులు వీరు. పత్రికలు నడిపారు, నాటకాలాడారు. సమర్‌ఖండ్‌కు చెందిన బెహ్‌బూదీ రాసిన 'పదర్‌కుష్' నాటకం 1914లో ప్రదర్శితమై కొత్త రంగస్థలానికి నాంది పలికింది. వీరికి యూరప్ సాహిత్యం నేరుగా తెలియదు. ఇస్తాంబుల్‌లోని నామిక్ కెమాల్, తెవ్‌ఫిక్ ఫిక్రెత్ వంటి కవుల ద్వారా, కజాన్ తాతారు కవి అబ్దుల్లా తుకాయ్ వంటి వారి ద్వారా కొత్త భావాలు అందాయి. దేశమంటే ప్రజలని, కవి ప్రజలతో మాట్లాడాలని వారు ఆ కవుల నుంచి నేర్చుకున్నారు.

బుఖారాకు చెందిన అబ్దురవూఫ్ ఫిత్రత్ (1886-1938) ఈ తరంలో మహా పండితుడు. ఇస్తాంబుల్‌లో చదువుకున్నాడు. అక్కడ మెహ్మెత్ ఎమీన్ యుర్దకుల్ జానపద అక్షర ఛందస్సులో ఆధునిక కవిత్వం రాయటం అప్పటికే మొదలుపెట్టాడు. ఫిత్రత్ తాష్కెంట్ చేరి విప్లవానంతరం 'చగతాయ్ గురుంగి' అనే సాహిత్య బృందాన్ని కూడగట్టాడు. అరూజ్‌ను పక్కనబెట్టి బర్మోక్‌ను శిష్ట కవిత్వంలోకి తెచ్చే ఉద్యమం అక్కడ బలం పుంజుకుంది. ఇక్కడ ఒక విషయం గమనార్హం. బయటి నుంచి వచ్చిన ప్రేరణ వారిని బయటి ఛందస్సు వైపు కాక, ఊళ్లోనే ఉన్న పాట వైపు నడిపింది. మన గురజాడ 1910లో ముత్యాలసరాలు కూర్చినప్పుడు జరిగింది కూడా ఇటువంటిదే. ఆయన చదివింది ఇంగ్లీషు కవిత్వం, పట్టుకున్నది తెలుగు నడక. పరాయి సాహిత్యం చేసే గొప్ప మేలు ఇదే కావచ్చు. మన పెరట్లో ఉన్నదాని విలువ మనకు తెలియజేస్తుంది.

ఫిత్రత్ రచనల్లో మన దేశం ప్రస్తావన తరచుగా వస్తుంది. బుఖారా మదరసా పండితుడికీ ఒక యూరోపియన్‌కూ హిందూస్తాన్‌లో జరిగిన వాదం రూపంలో ఆయన తొలి ప్రసిద్ధ గ్రంథం 'మునాజరా' రాశాడు. 'చిన్ సెవిష్', 'హింద్ ఇఖ్తిలాల్చిలరి' నాటకాల్లో కథ భారతదేశంలో నడుస్తుంది. పాత్రలు బ్రిటిష్ పాలనపై తిరగబడే యువకులు. సొంత వలస పాలన గురించి నేరుగా చెప్పటం కష్టమైనచోట భారతదేశం ఆయనకు అద్దంలా ఉపయోగపడింది. పరదేశ కథను అడ్డం పెట్టుకుని స్వదేశ వేదన చెప్పటం అనే ఈ పద్ధతి ఉజ్బెక్ కవిత్వంలో మళ్లీ అర్ధశతాబ్దం తరువాత కనబడుతుంది.

3. చోల్పాన్ - ఠాగూర్

ఆధునిక ఉజ్బెక్ కవిత్వానికి నిజమైన స్వరం ఇచ్చినవాడు అందిజాన్‌లో పుట్టిన అబ్దుల్‌హమీద్ సులేమాన్. చోల్పాన్ (1897-1938) ఆయన కలం పేరు. ఆ మాటకు వేగుచుక్క అని అర్థం. 1922లో 'ఉయ్‌గొనిష్' (మేలుకొలుపు), 1924లో 'బులొక్లర్' (ఊటలు), 1926లో 'తొంగ్ సిర్లరి' (ఉషోదయ రహస్యాలు) వెలువడ్డాయి. బర్మోక్‌లో ఇంత మృదువుగా, ఇంత ఆధునికంగా మాట్లాడవచ్చునని పాఠకులు మొదటిసారి చూశారు.

1925లో చోల్పాన్ రవీంద్రనాథ్ ఠాగూర్ మీద ఒక వ్యాసం రాశాడు. దాని పేరుకు 'మహా భారతీయుడు' అని అర్థం. పాత తూర్పు కవులను చదువుతుంటే అంతా ఒకేలా ఉందని, మనసు కొత్తదనం కోరుతోందని అందులో ఆయన మొరపెట్టుకున్నాడు. తూర్పుకూ పడమరకూ మధ్య వంతెనగా ఠాగూర్ ఆయనకు కనిపించాడు. ఈ వ్యాసం సాహిత్య చరిత్రకు చాలా ముఖ్యమైనది. ఎందుకంటే ఒక ఆధునిక కవి తనకేమి కావాలో తానే చెప్పుకున్న సందర్భం ఇది. యూరప్ కావాలి గాని యూరప్ అయిపోకూడదు. తూర్పు ఉండాలి గాని గులాబీ కోయిలల తూర్పు కాదు. ఈ చిక్కుముడిని అప్పటికే విప్పినవాడుగా ఆయన ఠాగూర్‌ను గుర్తించాడు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే తెలుగు కవులు కూడా ఠాగూర్ వైపు చూస్తున్నారు. రాయప్రోలు శాంతినికేతన్‌లో ఉండి వచ్చాడు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకుని ఆ తరువాత ఠాగూర్ రచనలను తెలుగు చేశాడు. అయితే మన భావకవులు ఠాగూర్‌లో ఎక్కువగా ప్రణయాన్ని, ప్రకృతిని, మార్మికతను వెతికారు. చోల్పాన్ వెతికింది వలస పాలనలో నలిగిన తూర్పు మనిషి ఆత్మగౌరవంతో ఆధునికుడు కావటం ఎలా అన్న ప్రశ్నకు జవాబు. మూలం ఒకటే, గ్రహించినవి వేరు. ప్రభావాన్ని నిర్ణయించేది ఇచ్చేవాడి గొప్పతనం కన్న ఎక్కువగా పుచ్చుకునేవాడి అవసరమని ఇక్కడ తేలుతోంది.

1927 నాటికి చోల్పాన్‌పై దాడి మొదలైంది. జాతీయవాది అని, నిరాశావాది అని, కొత్త సమాజానికి పనికిరాడని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. అప్పుడు ఇరవై రెండేళ్ల యువకవి ఆయ్‌బెక్ చోల్పాన్ పక్షాన ఒక వ్యాసం రాశాడు. కవిని ఎలా పరిశీలించాలి అన్నదే దాని ప్రశ్న. కవి భావజాలంతో మనకు విభేదం ఉండవచ్చు. అంతమాత్రాన ఆయన భాషకు చేసిన సేవను, కళను తోసిపుచ్చరాదన్నది ఆ వాదన సారాంశం. ఆ ప్రశ్నను ఆనాటి సాహిత్య పెద్దలు చర్చించలేదు. దానికి జవాబు మరో చోట, మరో విధంగా వచ్చింది.

4. రష్యన్ వాకిలి

1924లో ఉజ్బెక్ సోవియట్ రిపబ్లిక్ ఏర్పడింది. అక్షరాస్యత, బడులు, ప్రచురణాలయాలు, రంగస్థలం విస్తరించిన మాట వాస్తవం. స్త్రీలు పరదా విడిచి చదువుకున్నారు. ఈ మార్పును తక్కువ చేసి చూడటం చరిత్రకు అన్యాయం. కాని 1929 ప్రాంతంలో అరబ్బీ లిపి పోయి లాటిన్ వచ్చింది. 1940లో లాటిన్ పోయి సిరిలిక్ వచ్చింది. పదకొండేళ్లలో రెండుసార్లు లిపి మారితే ఏమవుతుంది? తాత చదివిన పుస్తకం మనవడు చదవలేడు. నవాయీని, చోల్పాన్ తొలి సంపుటాలను వచ్చినరూపంలో చదవగలిగినవారు తగ్గిపోయారు. తుర్కీ, పారశీక వాకిళ్లు మూతపడ్డాయి. ప్రపంచ సాహిత్యానికి ఇక ఒకటే వాకిలి మిగిలింది. అది రష్యన్.

ఆ వాకిలి గుండా వచ్చినది సామాన్యమైనది కాదు. మయకోవ్‌స్కీ వచ్చాడు. గఫూర్ గులామ్ (1903-1966) ఆయన నుంచి విరుపులతో కూడిన పాదాన్ని, బహిరంగ సభలో నిలబడి మాట్లాడే స్వరాన్ని, నగర జీవితపు పదజాలాన్ని తెచ్చుకున్నాడు. తుర్క్‌సిబ్ రైలుమార్గం మీద ఆయన రాసిన కవితలో రైలు నడక వినబడుతుంది. గజల్ చదివి పెరిగిన చెవికి అది పెద్ద కుదుపు. అయితే గఫూర్ గులామ్‌ను ఉజ్బెక్ మయకోవ్‌స్కీ అని ఊరుకోవటం సరికాదు. ఆయన కవితల్లో తాష్కెంట్ పాతబస్తీ సామెతలు, ఛలోక్తులు, నవాయీ నుంచి వచ్చిన శబ్ద వైభవం కలిసి ఉన్నాయి. మయకోవ్‌స్కీ నుంచి తీసుకున్నది గొంతు ఎత్తే ధైర్యం. ఆ గొంతులో పలికినది తన ఊరి మాట.

పుష్కిన్ వచ్చాడు. 1937లో పుష్కిన్ శతవర్ధంతిని సోవియట్ దేశమంతా ఉత్సవంగా జరిపారు. ఆయ్‌బెక్ 'యెవ్‌గేనీ అన్యేగిన్'ను ఉజ్బెక్ చేశాడు. హమీద్ ఆలిమ్‌జాన్ (1909-1944) పుష్కిన్ కావ్యాలు అనువదించాడు. యువకవి ఉస్మాన్ నాసిర్ (1912-1944) పుష్కిన్ 'బఖ్చిసరాయ్ ఫౌంటెన్'ను, లేర్మొంతొవ్ 'డెమన్'ను అనువదించాడు. పుష్కిన్ ఉత్సవాలు జరిగిన ఆ 1937లోనే ఉస్మాన్ నాసిర్‌ను అరెస్టు చేశారు. ఏడేళ్ల తరువాత సైబీరియాలోని కెమెరోవో ప్రాంతపు నిర్బంధ శిబిరంలో, ముప్పై ఒక్క ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు.

షేక్‌స్పియర్ వచ్చాడు. 'హామ్లెట్'ను మొదట ఉజ్బెక్ చేసినవాడు చోల్పాన్. సొంత కవిత్వం అచ్చు కావటం కష్టమైన రోజుల్లో ఆయనకు మిగిలిన దారి అనువాదం. గోర్కీ 'అమ్మ'ను, పుష్కిన్ 'బరీస్ గదునోవ్'ను ఆయన ఉజ్బెక్‌లోకి తెచ్చాడు. 1935లో తాష్కెంట్ హమ్జా థియేటర్‌లో ఆయన అనువాదంతో 'హామ్లెట్' ఆడారు. నటుడు అబ్రార్ హిదాయతోవ్‌కు గొప్ప పేరు వచ్చింది. మూడేళ్ల తరువాత, 1938 అక్టోబరు 4న చోల్పాన్, ఫిత్రత్, తొలి ఉజ్బెక్ నవలాకారుడు అబ్దుల్లా ఖాదిరీ తాష్కెంట్‌లో కాల్చివేతకు గురయ్యారు. ఆ తరువాత 'హామ్లెట్' మళ్లీ కావలసి వచ్చింది. అజర్‌బైజాన్ నుంచి వచ్చి తాష్కెంట్‌లో స్థిరపడిన మక్సూద్ షేఖ్‌జాదా (1908-1967) కొత్త అనువాదం చేశాడు. 1950ల తొలి సంవత్సరాల్లో ఆయన కూడా జైలు పాలై స్టాలిన్ మరణం తరువాత విడుదలయ్యాడు. రాకుమారుడు కపట రాజ్యంలో మూగగా ఉండలేక వెర్రి నటించిన నాటకాన్ని ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు కవులు తమ భాషలోకి తెచ్చారు. ఇద్దరూ నిర్బంధం చవిచూశారు. ఒకరు తిరిగి రాలేదు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? సోవియట్ సాహిత్య కృషి అంతా బూటకమని కొట్టివేయవచ్చు. లేదా ఈ హత్యలను 'పొరపాట్లు' అనే చిన్న మాటతో దాటవేయవచ్చు. రెండూ సులభమే, రెండూ అసత్యమే. షేక్‌స్పియర్‌నూ పుష్కిన్‌నూ పల్లె రైతు బిడ్డ తన భాషలో చదవగలగటం నిజమైన అభ్యుదయం. ఆ పని చేసిన కవిని చంపటం అభ్యుదయ ద్రోహం. రెండూ ఒకే దేశంలో, ఒకే దశాబ్దంలో జరిగాయి. అంతర్జాతీయత పేరు చెప్పుకున్న పాలన తన పక్కనున్న తుర్కీ, పారశీక సాహిత్యాలతో సంబంధాన్ని నేరంగా పరిగణించింది. ఒకే వాకిలి ఉన్న ఇంట్లో ఆ వాకిలి కావలివాడే యజమాని అవుతాడు.

5. యుద్ధకాలపు తాష్కెంట్

1941లో నాజీ దాడి మొదలయ్యాక కర్మాగారాలు, విద్యాసంస్థలు, రచయితలు, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు తాష్కెంట్‌కు తరలి వచ్చారు. అన్నా అఖ్మతోవా 1941 చివరి నుంచి 1944 దాకా అక్కడే ఉంది. గఫూర్ గులామ్ 1941లో 'నేను యూదుణ్ణి', 1942లో 'నువ్వు అనాథవు కావు' అన్న అర్థం వచ్చే శీర్షికలతో కవితలు రాశాడు. మయకోవ్‌స్కీ నుంచి నేర్చుకున్న సభాస్వరం ఈ రెండో కవితలో దిగివచ్చి, పరాయి భాష మాట్లాడే పసివాణ్ణి నిద్రపుచ్చే తండ్రి స్వరంగా మారింది. ప్రభావం పూర్తిగా జీర్ణమైనచోట ఎలా ఉంటుందో తెలుసుకోదలచిన విద్యార్థి ఈ రెండు దశల గఫూర్ గులామ్‌ను పోల్చి చూడాలి.

అదే కాలంలో ఎదురు దిశలో ఒక అపూర్వ ఘటన జరిగింది. 1941 డిసెంబరులో, ముట్టడిలో ఆకలితో చలితో మరణిస్తున్న లెనిన్‌గ్రాడ్‌లో, హెర్మిటేజ్ మ్యూజియంలో నవాయీ పంచశత జయంతి సభ జరిగింది. పండితుడు నికొలాయ్ లేబెదెవ్ లేవలేని స్థితిలో కూడా నవాయీ పద్యాలనూ తన అనువాదాలనూ చదివాడు. కొద్ది రోజులకే మరణించాడు. ప్రపంచ సాహిత్యం అంటే పెద్ద భాషలు చిన్న భాషలకు చేసే దానమని అనుకునేవారికి ఈ సభ చాలినంత జవాబు.

6. ఢిల్లీ నుంచి తాష్కెంట్ దాకా

స్టాలిన్ మరణానంతరం వాకిళ్లు కొంత తెరుచుకున్నాయి. 1956 డిసెంబరులో ఢిల్లీలో ఆసియా రచయితల మహాసభ జరిగింది. దాని కొనసాగింపుగా 1958 అక్టోబరులో తాష్కెంట్‌లో ఆఫ్రో-ఆసియన్ రచయితల మహాసభ జరిగింది. డుబోయ్, నాజిమ్ హిక్మెత్, ఫైజ్ అహ్మద్ ఫైజ్, ముల్క్ రాజ్ ఆనంద్ వంటివారు పాల్గొన్నారు. వలస పాలన నుంచి బయటపడిన, బయటపడుతున్న దేశాల రచయితలు లండన్, పారిస్ నగరాల మధ్యవర్తిత్వం లేకుండా ఒకరినొకరు చూసుకున్నారు. ఇందులో సోవియట్ విదేశాంగ ప్రయోజనం ఉందన్నది నిజమే. అయితే సభకు వచ్చిన కవులు ఆ ప్రయోజనానికి మించిన అనుభవంతో తిరిగి వెళ్లారన్నది కూడా నిజం.

కవయిత్రి జుల్ఫియా (1915-1996) ఢిల్లీ సభకు వచ్చింది. హమీద్ ఆలిమ్‌జాన్ భార్య ఆమె. 1944లో ఆయన ప్రమాదంలో మరణించిన తరువాత ఆమె కవిత్వం వియోగ గీతంగా సాగింది. భారతదేశంలో చూసిన కవిగోష్ఠి స్ఫూర్తితో ఆమె రాసిన 'ముషాయిరా' వేరొక ఆవరణలోకి అడుగుపెట్టింది. అనేక భాషల కవులు ఒకే వేదికపై ఒకరికొకరు పాడి వినిపించుకోవటం అందులో వస్తువు. ముషాయిరా అనే మాటా, ఆ సంప్రదాయమూ ఉజ్బెక్ వారికి కొత్తవి కావు. పారశీక వారసత్వంగా వారి ఇళ్లలో ఉన్నవే. వలసవాదం మీద గెలిచిన ఆసియా సందర్భంలో అవి కొత్త అర్థంతో తిరిగి వచ్చాయి.

7. పాత గజల్, కొత్త తిరుగుబాటు

1960ల తరం ఈ చరిత్రనంతా భుజాన వేసుకుని వచ్చింది. ఎర్కిన్ వాహిదోవ్ (1936-2016), అబ్దుల్లా అరిపోవ్ (1941-2016) ఈ తరం పెద్దలు. వాహిదోవ్ గోథే 'ఫౌస్ట్'ను ఉజ్బెక్ చేశాడు. అరిపోవ్ డాంటే 'డివైన్ కామెడీ'లోని నరక ఖండాన్ని రష్యన్ ఆధారంగా తెచ్చాడు. యూరప్ మహాకావ్యాలను అనువదిస్తున్న రోజుల్లోనే వాహిదోవ్ 1969లో 'యోష్లిక్ దేవాని' సంపుటిలో అరూజ్ గజల్‌ను పునరుద్ధరించాడు. ఫ్యూడల్ అవశేషమని పక్కన పెట్టిన ఛందస్సులో యువకుల ప్రేమను, హాస్యాన్ని పలికించాడు. ఇది వెనక్కి నడక అని అనటానికి వీలు లేదు. లిపుల మార్పుతో తెగిన తీగను మళ్లీ ముడివేయటం అది.

వాహిదోవ్ అనువదించిన మరో కవి సెర్గేయ్ యెసేనిన్. యెసేనిన్ పర్షియా ఎన్నడూ చూడలేదు. 1921లో తాష్కెంట్ వచ్చాడు. 1924-25లలో 'పర్షియన్ గీతాలు' రాశాడు. పారశీక కవిత్వం రష్యన్ అనువాదాల ద్వారా యెసేనిన్‌ను చేరింది. యెసేనిన్ ఊహ ద్వారా అది రష్యన్ గీతమైంది. వాహిదోవ్ ద్వారా మళ్లీ హాఫిజ్, నవాయీల గడ్డకు తిరిగి వచ్చింది. సాహిత్య ప్రభావం ఎప్పుడూ తిన్నని గీతగా నడవదనటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

మన దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది 1970ల చివర వాహిదోవ్ రాసిన 'రూహ్లర్ ఇస్యాని' (ఆత్మల తిరుగుబాటు) కావ్యం. దాని నాయకుడు బెంగాలీ విప్లవకవి కాజీ నజ్రుల్ ఇస్లాం. 1922లో 'బిద్రోహి'తో దేశాన్ని కదిలించినవాడు. బ్రిటిష్ జైల్లో నిరాహార దీక్ష చేసినవాడు. 1942లో అంతుచిక్కని జబ్బుతో మాట పోయి, 1976లో ఢాకాలో మరణించేదాకా మౌనంగా బతికినవాడు. సోవియట్ ఉజ్బెక్ కవికి నజ్రుల్ ఎందుకు కావలసి వచ్చాడు? బ్రిటిష్ సామ్రాజ్యవాదాన్ని ఖండించటానికి అభ్యంతరం ఉండదు. కాని జైలులో నలిగిన కవి, మూగబోయిన కవి అన్న మాటలు తాష్కెంట్ పాఠకుడికి ఎవరిని గుర్తు చేసి ఉండాలి? ఆనాటికి చోల్పాన్, ఫిత్రత్ పుస్తకాలు అచ్చులో లేవు. 1980ల చివరి దాకా అవి పాఠకుల చేతికి తిరిగి రాలేదు. ఫిత్రత్ తన వలస వేదనను చెప్పటానికి భారతదేశాన్ని అద్దంగా వాడుకున్నాడని పైన చూశాం. అర్ధశతాబ్దం తరువాత వాహిదోవ్ అదే అద్దాన్ని మళ్లీ చేతికి తీసుకున్నాడని నా అభిప్రాయం. ఈసారి అందులో కనబడే ముఖాల్లో ఫిత్రత్ ముఖం కూడా ఉంది.

వీరి వెనుక వచ్చినవారు ఇంకా దూరం వెళ్లారు. రవూఫ్ పర్ఫీ (1943-2005) నాజిమ్ హిక్మెత్ దారిని వచన కవితకు, యూరప్ దారిని సానెట్‌కు వెళ్లాడు. బైరన్ 'మాన్‌ఫ్రెడ్'ను అనువదించాడు. హిక్మెత్ రాకతో ఒకప్పుడు మూసిన తుర్కీ వాకిలి, కమ్యూనిస్టు కవి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకోవటం విశేషం. షౌకత్ రహ్మాన్ (1950-1996) స్పానిష్ కవి లోర్కాను ఉజ్బెక్‌లోకి తెచ్చాడు. ఫాసిస్టులు చంపిన ఆ కవి ఉజ్బెక్ యువతరానికి ఎంత దగ్గరివాడో వేరే చెప్పనక్కరలేదు. 1949లో పుట్టిన ముహమ్మద్ సాలిహ్ పాశ్చాత్య ఆధునికత నుంచి సంక్షిప్తతను, వింత ప్రతీకలను గ్రహించాడు. ఆయన కవిత్వం అర్థం కాదన్న విమర్శ మన వచన కవులకూ పరిచితమైనదే.

8. స్వాతంత్ర్యం తరువాత

1991లో ఉజ్బెకిస్తాన్ స్వతంత్ర దేశమైంది. 1993లో మళ్లీ లాటిన్ లిపి చట్టం వచ్చింది. జదీదులు జాతీయ వీరులయ్యారు. 1997లో తాష్కెంట్‌లో 'జహాన్ అదబియాతి' (ప్రపంచ సాహిత్యం) అనే పేరుతోనే ఒక మాసపత్రిక మొదలైంది. జమాల్ కమాల్ అనే కవి ఒకే జీవితంలో షేక్‌స్పియర్ నాటకాలనూ జలాలుద్దీన్ రూమీ 'మస్నవీ'నీ ఉజ్బెక్ చేశాడు. మూసిన వాకిళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయనటానికి ఇది గుర్తు. ఫెర్ఘానాలో షంషాద్ అబ్దుల్లాయెవ్ వంటి కవులు రష్యన్‌లో రాస్తూనే మాస్కో వైపు చూడక మధ్యధరా కవిత్వం వైపు, ఇటాలియన్ సినిమా వైపు చూశారు.

అయినా వాకిలి కావలి ఉద్యోగం రద్దు కాలేదు. 1991 అధ్యక్ష ఎన్నికల్లో ఇస్లాం కరీమోవ్‌పై పోటీ చేసిన ముహమ్మద్ సాలిహ్ 1993లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1938లో చంపిన కవులకు విగ్రహాలు పెట్టిన రాజ్యం బతికి ఉన్న కవిని భరించలేకపోయింది. చనిపోయిన తిరుగుబాటుదారుణ్ణి గౌరవించటం ఏ రాజ్యానికైనా సులభమే.

9. మనం నేర్చుకోవలసింది

ఈ చరిత్ర నుంచి రచయితలకూ విద్యార్థులకూ మూడు విషయాలు అందుతాయని నేను భావిస్తున్నాను.

మొదటిది, ప్రభావాన్ని పోలికలతో కాక అవసరంతో కొలవాలి. చోల్పాన్ ఠాగూర్‌లా రాయలేదు. గఫూర్ గులామ్ మయకోవ్‌స్కీలా మిగిలిపోలేదు. తమ ప్రజలకు చెప్పవలసిన మాటకు దారి వెతుకుతూ వారు ఆ కవుల దగ్గరకు వెళ్లారు. చెప్పవలసిన మాట లేని కవికి ప్రపంచ సాహిత్యమంతా చదివినా దొరికేది అలంకారాలే.

రెండవది, మధ్యవర్తి భాష గురించి జాగ్రత్త వహించాలి. ఉజ్బెక్ కవికి రష్యన్ ఎటువంటిదో తెలుగు కవికి ఇంగ్లీషు అటువంటిది. దాని మేలును కాదనలేం. కాని మన పక్కనున్న తమిళ, కన్నడ, ఒడియా, ఉర్దూ కవులను కూడా ఇంగ్లీషు ద్వారానే చదివే దుస్థితి మనది. ఈ వ్యాసంలో పేర్కొన్న కవులు ఎవరైనా తెలుగు పాఠకుడిని చేరాలంటే సాధారణంగా రెండు భాషలు దాటి రావాలి. దాటిన ప్రతిచోటా కొంత జారిపోతుంది. ఏది జారిపోయిందో ఎవరూ లెక్క చెప్పరు.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. 1927లో ఆయ్‌బెక్ అడిగిన ప్రశ్నను, కవిని ఎలా పరిశీలించాలి అన్న ప్రశ్నను, ఆనాటి అభ్యుదయ విమర్శకులు చర్చించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. విమర్శ వ్యాసం తుపాకీ కాదు. కాని చోల్పాన్ విషయంలో 'జాతీయవాది' అన్న ముద్ర మొదట పడింది సాహిత్య పత్రికల్లో. పోలీసు కాగితాల్లోకి ఆ మాట తరువాత వెళ్లింది. ఒక కవికి తిరోగమనవాది అనో, ప్రజావ్యతిరేకి అనో పేరు పెట్టేముందు అభ్యుదయ విమర్శకుడు ఈ వరుసను గుర్తు చేసుకోవాలి. విభేదించే హక్కు మనకుంది. కవి పాదాలు చదివి, వాటి చరిత్ర తెలుసుకుని, ఎందుకు విభేదిస్తున్నామో వివరంగా చెప్పే బాధ్యత కూడా మనదే. ఆయ్‌బెక్ తన ఇరవై రెండో ఏట చేసినది ఆ పనే.